పడవల వార్త మీద ఓటు

మా తమ్ముడు నాతో మాట్లాడడం మానేసి ఏళ్ళు గడిచాయి. అయినా వారంలో కనీసం రెండు మధ్యాహ్నాలు నా ఎదురుగా నిలబడి, నా మొహంలోకే చూస్తూ, చేతులు తిప్పుతూ మాట్లాడతాడు. మాట్లాడక ఎక్కడికి పోతాడు? సభలో ఎవరు ఏం చెప్పదలచుకున్నా అధ్యక్షస్థానానికే చెప్పాలి. పక్కవాణ్ణి తిట్టాలన్నా నాకు చెప్పే తిట్టాలి. అది నియమం. ఆ స్థానంలో కూర్చునేది నేను.

దేశానికంతటికీ చట్టాలు చేసే సభ అది. సభాపతి గారు పొద్దున్నపూట పెద్ద గొడవలు చూసుకుంటారు. భోజనమయ్యాక మోకాళ్ళ నొప్పులంటూ తన గదిలో నడుం వాలుస్తారు. ఇక ఆ తర్వాత వచ్చే చిల్లరమల్లర బిల్లులు, వాటి సవరణలు, వాటి మీద ఓట్లు అన్నీ ఉపసభాపతినని నా నెత్తిన పడతాయి. నా కుడి చేతి దగ్గర ఒక ఇత్తడి గంట ఉంటుంది. ఇచ్చిన సమయం దాటి ఎవరు మాట్లాడినా, మంత్రి అయినా మహారాజయినా, దాన్ని మోగిస్తాను. అందుకని నాకు గంటమ్మ అని పేరు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు గానీ, క్యాంటీన్‌లో నన్ను పిలిచేది ఆ పేరుతోనే.

ఇంట్లో ఇంకో తమాషా. పుట్టినరోజనో, ఎవరికో ఒంట్లో బాగాలేదనో మావాడు మా ఇంటికి వస్తాడు. వచ్చి, "బావా, ఆ కుర్చీ కాస్త జరపమని మీ ఆవిడకి చెప్పు" అంటాడు. ఆ కుర్చీలో ఉన్నది నేనే. మా ఆయన కళ్ళ డాక్టరు, మనిషి నెమ్మది. అక్కాతమ్ముళ్ళు ఇంట్లో కూడా సభా నియమాలు పెట్టేశారని, ఇక్కడ అధ్యక్షుడు తనేనని నవ్వుతారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోతుంది. కుర్చీ జరపను.

గొడవ ఎక్కడ మొదలైందో చెబుతాను. నేను ఈ పదవిలోకి వచ్చిన కొత్తలో చిన్న పడవలకు కూడా లైసెన్సు ఉండాలని ఒక బిల్లు వచ్చింది. తెరచాప పడవలను వదిలెయ్యమని మావాడు సవరణ పెట్టాడు. వాడు తీరం వైపు నుంచి గెలిచిన సభ్యుడు, నోరు గలవాడు, నాలుగిళ్ళవాళ్ళ కష్టం తన ఇంట్లో పెట్టుకునేవాడు. ఓట్లు లెక్కపెడితే రెండు వైపులా ఒకటే అంకె. అధ్యక్షస్థానానికి మామూలుగా ఓటు ఉండదు. సరిసమానమైనప్పుడు మాత్రం ఒక్క ఓటు ఉంటుంది, ఆ ఓటుకి ఒక కట్టుబాటు ఉంటుంది. సభ సగానికి సగం చీలిపోయినప్పుడు, అందరి మీద మార్పు తెచ్చిపెట్టే పని ఒక్క మనిషి చెయ్యకూడదు. ఎదురుగా ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచాలి. ఎదురుగా ఉన్నది బిల్లు, సవరణ అంటే అందులో మార్పు. నేను లేచి నిలబడి, "ఓట్లు సమానంగా ఉన్నప్పుడు మార్పు తెచ్చే హక్కు ఈ స్థానానికి లేదు. ఉన్నది ఉన్నట్టుండాలి" అని చెప్పి, మా తమ్ముడి సవరణను పడగొట్టాను.

ఆ సాయంత్రం వరండాలో వాడు నన్ను ఆపి, ఇకమీదట తనకి అక్క లేదని, ఒక కుర్చీ ఉందని, అంతేనని చెప్పి వెళ్ళిపోయాడు. నేను చేసింది తప్పని ఈ రోజుకీ అనుకోను. మళ్ళీ ఆ రోజే వస్తే మళ్ళీ అదే చేస్తాను. కాని తప్పు చెయ్యకపోయినా మనిషి కుమిలి కుమిలి ఏడవచ్చని నాకు అప్పుడే తెలిసింది. అప్పటినుంచి వాడి నోట అక్కా అన్న మాట నేను వినలేదు. అధ్యక్షా అన్న మాట లక్షసార్లు విని ఉంటాను.

ఇప్పుడు నాన్న సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. నాన్న రేడియోలో పడవల వార్త చదివేవాడు. సాయంత్రం దీపాలు పెట్టే వేళ వచ్చేది. గాలి ఎటు నుంచి ఎటు, అల ఎంత ఎత్తు, మబ్బు ఎక్కడ, రేపు వేటకు వెళ్ళొచ్చా వద్దా, అంతే వార్త. నాన్న దాన్ని ఎంత నెమ్మదిగా చదివేవాడంటే, పడవలో వల సర్దుకుంటున్నవాడికి కూడా ఒక్క మాట తప్పిపోయేది కాదు. మొదలుపెట్టేటప్పుడు, "నీళ్ళ మీద ఉన్నవాళ్ళకీ, నీళ్ళ వైపు చూస్తున్నవాళ్ళకీ నమస్కారం" అనేవాడు. అది ఎవరూ రాసిచ్చింది కాదు, నాన్న సొంతం. తర్వాత చదివినవాళ్ళంతా అదే పట్టుకున్నారు. నాన్న పోయినా ఆ నమస్కారం పోలేదు.

అమ్మ ఆస్పత్రిలో నర్సు, సాయంత్రం డ్యూటీ. ఇంట్లో మేమిద్దరమే. తమ్ముడు ఆ గొంతు వింటే తప్ప నిద్రపోయేవాడు కాదు. రేడియోలో బ్యాటరీలు అయిపోయిన రోజున ఏం చెయ్యాలి? నేనే దుప్పటి ముసుగేసుకుని, గొంతు లావు చేసుకుని వార్త చదివేదాన్ని. గాలులూ అలలూ నోటికొచ్చినట్టు చెప్పేదాన్ని. వాడు కళ్ళు మూతలు పడుతూ, ప్రతిసారీ ఒకటే అడిగేవాడు. అక్కా, గాలెటు? బయట గాలి ఎటు వీస్తున్నా నేను ఒకటే జవాబు చెప్పేదాన్ని. ఇంటివైపే, పడుకో. అప్పుడు గాని పడుకునేవాడు కాదు, వెధవ.

ఆ పడవల వార్తను, దాంతోపాటు రేడియోలో ఇంకొన్ని పాత ప్రసారాలను ఆపేద్దామని ప్రభుత్వం బిల్లు తెచ్చింది. అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఇంకా రేడియోలెవరు వింటున్నారని మంత్రి గారి వాదన. తీరం దాటి కాస్త దూరం పోతే ఫోను పలకదన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా ఆయన వినలేదు. మావాడు సవరణ పెట్టాడు. మిగతా ప్రసారాలు ఏమైనా చేసుకోండి, పడవల వార్త ఒక్కదాన్ని వదిలెయ్యండి అని. ప్రభుత్వానికి ఉన్నదే బొటాబొటీ బలం, పైగా వాళ్ళ పక్షంలోనే తీరం వైపువాళ్ళు కొందరు గోడమీద పిల్లుల్లా ఉన్నారు. ఈసారి కూడా ఓట్లు సరిసమానమవుతాయని పేపర్లన్నీ రాశాయి.

సమానమైతే నేనేం చెయ్యాలో మీకు తెలుసు. నాన్న గొంతును నా నోటితోనే ఆపెయ్యాలి. అదయ్యాక మా తమ్ముడు బావ ద్వారా కూడా నాతో మాట్లాడడు. ముందురోజే సభాపతి గారి గదికి వెళ్ళి, ఈ ఒక్క బిల్లుకి మీరు కూర్చోండి, మీకు పుణ్యముంటుంది అన్నాను. ఆయన పంచె కాస్త పైకి లాగి వాచిన మోకాలు చూపించారు. ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే, రేపు జ్వరమని పడుకొమ్మన్నారు. జ్వరం లేకుండా జ్వరమని నేను ఎప్పుడూ పడుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం వెళ్ళి కూర్చున్నాను. మధ్యాహ్నపు సభ మీరు చూసి ఉండరు. పైన గుండ్రటి గాజు కప్పులోంచి ఎండ పల్చగా దిగుతుంది, దిగేసరికి పచ్చబడిపోతుంది. మైకులు ఎవరూ మాట్లాడకపోయినా సన్నగా పాడుతుంటాయి. భోజనం చేసి వచ్చినవాళ్ళ రెప్పలు బరువెక్కి ఉంటాయి. కార్యదర్శి నా కుర్చీ కింద బల్ల దగ్గర కూర్చుని కాగితాలు తిప్పుతుంటాడు. ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడడు, నా చెవికి మాత్రమే వినబడేట్టు గుసగుసగా నియమాలు చెబుతుంటాడు.

ఆ వేళలో నాకు సభలోకి నీళ్ళు వస్తాయి. నిద్ర కాదు, కళ్ళు తెరిచే ఉంటాను. ముందు తివాచీ అంచు తడుస్తుంది. తర్వాత కార్యదర్శి బల్ల కాళ్ళు మునుగుతాయి. ఎవరూ కంగారుపడరు. బెంచీలు ఒక్కొక్కటీ నేలను వదిలేసి మెల్లగా ఊగుతాయి, సభ్యులు వాటి మీద కునికిపాట్లు పడుతూ అటూ ఇటూ తేలుతుంటారు. వాళ్ళ చేతుల్లోంచి జారిన సవరణ కాగితాలు నీళ్ళ మీద తెల్లగా పరుచుకుంటాయి. ఇవన్నీ చూస్తూనే నేను, నాలుగో క్లాజుకి సవరణలు లేవు, అవుననేవారు అవును అనండి, కాదనేవారు కాదు అనండి, అని చెప్పుకుపోతుంటాను. ఒక్క అక్షరం పొల్లుపోదు. ఈ సంగతి నేను మా ఆయనకు కూడా చెప్పలేదు. చెబితే కళ్ళల్లో మందు వేస్తారు.

ఆ రోజు నీళ్ళు తొందరగా వచ్చాయి. నేను మా తమ్ముడి సవరణను పిలిచేసరికి అవి నా కుర్చీ మెట్ల దాకా ఉన్నాయి. వాడు స్తంభం పక్క సీటులోంచి లేచాడు. జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది, చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో పెట్టుకున్నాడు. వాడికి చెప్పేవాళ్ళెవరూ లేరా అనుకున్నాను. వాడు నా వైపు చూసి, గొంతు సవరించుకుని, మొదలుపెట్టాడు.

"అధ్యక్షా, నీళ్ళ మీద ఉన్నవాళ్ళ తరఫున మాట్లాడుతున్నాను."

నాన్న గొంతు. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకున్నాడో తెలీదు, అచ్చం నాన్న గొంతే. తొందర లేదు, అరుపు లేదు, మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీల్చుకునేంత చోటు. చీకటి పడ్డాక కనబడని తీరం గురించి చెప్పాడు. పడవలో నలుగురూ నోళ్ళు మూసుకుని ఒక రేడియో చుట్టూ తలలు దగ్గర పెట్టుకోవడం గురించి చెప్పాడు. ఒడ్డున ఉన్నవాళ్ళు కూడా అదే వార్త వింటారని, వాళ్ళు వింటున్నారని నీళ్ళ మీద ఉన్నవాళ్ళకు తెలుసని, ఆ కాసేపూ ఒకే గదిలో ఉన్నట్టుంటుందని చెప్పాడు. నిద్రపోతున్నవాళ్ళు కళ్ళు తెరిచారు. మంత్రి గారు కూడా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నారు. నా చుట్టూ నీళ్ళు కదలకుండా నిలబడిపోయాయి.

కార్యదర్శి గుసగుసగా సమయమైందన్నాడు. నా చెయ్యి గంట మీదే ఉంది. తమ్ముడు నాన్న గురించి ఒక వాక్యం మొదలుపెట్టాడు. నాకు ఆ వాక్యం కావాలి. ప్రపంచంలో ఇంకేదీ వద్దు, అది కావాలి. ఎదురు బెంచీలవాళ్ళు నా చేతి వైపే చూస్తున్నారు, గంటమ్మ తమ్ముడికి ఎంత పొడిగిస్తుందో చూద్దామని. కొట్టాను. వాడు వాక్యం మధ్యలో ఆగిపోయి, తల వంచి కూర్చున్నాడు. ఆ గంట మోత నా చేతిలోంచి భుజం దాకా పాకింది.

ఇక ఓటు. ముందు మూజువాణి, అంటే నోటితో చెప్పేది. అవునన్నవారు అన్నారు. కాదన్నవారు అన్నారు. నా చెవులు అబద్ధం చెప్పవు, కాదు అన్నదే గట్టిగా వినబడింది. కాదన్నవారిదే పైచేయి అనుకుంటున్నాను, అన్నాను. అలా అన్నాక కాస్త ఆగాలి. ఎవరికైనా అనుమానముంటే లేచి డివిజన్ కోరతారు. అప్పుడు మనిషి మనిషినీ లెక్కపెట్టాలి. ఓడినవాడు డివిజన్ అడగకుండా ఉండడం నేను చూడలేదు. ఆగాను. మావాడు లేవలేదు. తన గోళ్ళు చూసుకుంటున్నాడు.

మళ్ళీ అన్నాను, కాదన్నవారిదే పైచేయి అనుకుంటున్నాను. మళ్ళీ ఆగాను. నా జన్మలో ఎవరికోసమూ అంతసేపు ఆగలేదు. లేవరా, అడగరా, అని లోపల గొంతు చించుకుంటున్నాను, పైకి మాత్రం పెదవి కదపకూడదు. ఇంత మాట్లాడి, ఒక్క ముక్క అడగలేవా? సమానమైతే నన్ను మళ్ళీ ఇరకాటంలో పెట్టాల్సి వస్తుందని వదిలేస్తున్నావా? నా మీద జాలిపడి పడవలవాళ్ళను నీళ్ళలో వదిలేస్తావా? నీ జాలి ఎవడిక్కావాలి? మూడోసారి అన్నాను. వాడు గోళ్ళు చూసుకుంటూనే ఉన్నాడు. సవరణ వీగిపోయింది. కోపంతో నా చెవులు వేడెక్కాయి.

సవరణలు అయిపోతే ఇక ఆ బిల్లు అయిపోయినట్టే. చివరగా మొత్తం బిల్లు మీద ఓటు ఉంటుంది గానీ అది లాంఛనం, ఎవరూ పట్టించుకోరు. ఓడినవాళ్ళు మొహాలు వేలాడేసుకుని వెళ్ళిపోతారు, గెలిచినవాళ్ళు టీ తాగడానికి పోతారు. ఆ రోజు కూడా ప్రభుత్వం వైపు బెంచీలు ఖాళీ కావడం మొదలైంది. మంత్రి గారి చుట్టూ ఉన్న గుంపు ఒకటి నవ్వుకుంటూ బయటికి నడిచింది. తీరం వైపు సభ్యులు మాత్రం ఒక్కరూ కదల్లేదు. కాళ్ళ దగ్గర సంచులు పెట్టుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నారు. వీళ్ళకేమైంది, నిద్రపోయారా అనుకున్నాను. అంతే అనుకున్నాను, అంత మొద్దుని.

బిల్లును సభ ఆమోదిస్తోందా అని అడిగాను. రెండు వైపుల నుంచీ నీరసంగా వచ్చాయి గొంతులు. అవునన్నవారిదే పైచేయి అనుకుంటున్నాను, అన్నాను.

మా తమ్ముడు లేచాడు. తీరిగ్గా లేచాడు. గుండీ సరిగ్గా పెట్టుకున్నాడు కూడా.

"డివిజన్ కోరుతున్నాను, అధ్యక్షా."

బయట వరండాల్లో గంటలు మోగాయి. అవి నా గంటలాంటివి కావు, భవనమంతా మోగుతాయి. టీ కప్పులు పడేసిన చప్పుడు, మెట్ల మీద పరుగులు. గంటలు ఆగగానే మార్షల్స్ తలుపులు వేసేస్తారు. ఇక దేవుడొచ్చినా తెరవరు. ఆ తలుపును ఎవరో దబదబా బాదారు, చేపల శాఖ మంత్రి గొంతులా ఉంది. నేను విననట్టు ఊరుకున్నాను, నియమం అదే.

మా సభలో డివిజన్ అంటే బటన్లు నొక్కడం కాదు. అవునన్నవారు కుడి తలుపులోంచి, కాదన్నవారు ఎడమ తలుపులోంచి నడిచి వెళ్ళాలి. వెళ్ళేవాళ్ళను అక్కడ లెక్కపెడతారు. అందరూ లేచి రెండు పాయలుగా విడిపోయి వెళ్ళిపోయారు. అంత పెద్ద హాలులో నేనూ, కార్యదర్శీ, పచ్చటి ఎండ. నీళ్ళు మళ్ళీ వచ్చాయి. ఖాళీ బెంచీలు నిశ్శబ్దంగా ఒకదానికొకటి తగులుతూ ఊగుతున్నాయి. ఎక్కడి నుంచో దీపాలు పెట్టే వేళ వాసన వచ్చింది, కిరోసిను, తడి దుప్పటి, అమ్మ ఉతికి ఆరేసిన నర్సు బట్టలు. ఈ కుర్చీలోనే ఇలాగే ఉండిపోతే బావుండుననిపించింది.

అందరికంటే వెనక మా తమ్ముడు ఉన్నాడు. ఎడమ తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, అధ్యక్షస్థానానికి తల వంచాడు. అందరూ వంచుతారు, అది మర్యాద. కాని వాడు తల ఎత్తాక వెంటనే వెళ్ళలేదు. నీళ్ళకు అవతల నిలబడి నన్ను ఒకసారి చూశాడు. చిన్నప్పుడు గోడ మీద నుంచి దూకే ముందు కింద నేనున్నానో లేదో చూసుకునేవాడు. ఆ చూపే అది.

అందరూ తిరిగి లోపలికి వచ్చారు, లెక్క వచ్చింది. కార్యదర్శి చీటీ చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చూసి, నా వైపు వంగాడు. "అమ్మా, సమానం" అన్నాడు.

అప్పుడు వెలిగింది నాకు. ఎదురుగా ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచాలి. సవరణ మీద సమానమైతే, ఎదురుగా ఉన్నది బిల్లు, కాబట్టి సవరణ పోవాలి. బిల్లు మీదే సమానమైతే, ఎదురుగా ఉన్నది ఇప్పుడు నడుస్తున్న చట్టం, కాబట్టి బిల్లు పోవాలి. అదే కట్టుబాటు, అదే వాక్యం, అక్షరం మార్చక్కర్లేదు. ఈ సంగతి నాకు కొత్త కాదు. కాని చివరి ఓటు దగ్గర సమానం కావడం ఈ సభలో ఎవరూ చూడలేదు. వాడు ఆ దారి వెతికి, ముందు తన సవరణను తనే చంపుకుని, వాళ్ళను టీకి పంపి, నన్ను ఇక్కడి దాకా నడిపించుకొచ్చాడు.

లేచి నిలబడ్డాను. అధ్యక్షస్థానం లేస్తే అందరూ కూర్చోవాలి. సభ నిండా ఊపిరి బిగబట్టిన మొహాలు. అక్కగా ఓటు వేసిందంటారని భయం వేసింది. మరుక్షణమే ఆ భయం మీదే కోపం వచ్చింది. ఆనాడు అక్కగా వెయ్యలేదు, ఈనాడూ వెయ్యను, అనుకోనీ ఎవరేమనుకుంటారో. అదే వాక్యం మొదలుపెట్టాను. ఓట్లు సమానంగా ఉన్నప్పుడు మార్పు తెచ్చే హక్కు ఈ స్థానానికి లేదు. స్తంభం పక్కన మా తమ్ముడి పెదవులు కదులుతున్నాయి. శబ్దం లేకుండా, నాతోపాటే, ఒక్క మాట ముందూ కాకుండా వెనకా కాకుండా. ఏళ్ళ తరబడి ఆ వాక్యాన్ని కడుపులో పెట్టుకుని బతికినట్టున్నాడు, అంత కంఠతా వచ్చు. ఉన్నది ఉన్నట్టుండాలి, అని ఇద్దరం ముగించాం. నా ఓటు కాదు వైపు, బిల్లు వీగిపోయింది, అని చెప్పి కూర్చున్నాను.

ఆ తర్వాత సభలో రేగిన గోల మీరే ఊహించుకోండి. గంట కొట్టీ కొట్టీ చెయ్యి నొప్పెట్టింది.

సాయంత్రం నా గదిలో ఒక్కదాన్నే కూర్చున్నాను. కిటికీలోంచి వీధి దీపాలు ఒక్కొక్కటే వెలగడం కనబడుతోంది. అల్మరా మీద నాన్న పాత రేడియో ఉంటుంది, ఇప్పటికీ పలుకుతుంది. తలుపు చప్పుడైంది. మా తమ్ముడు గడప అవతల నిలబడి, లోపలికి రావచ్చా అధ్యక్షా అన్నాడు. ఈ గదిలో అధ్యక్షులెవరూ లేరు, వేరే ఎక్కడైనా వెతుక్కో, అన్నాను. వచ్చి నిలబడ్డాడు. కూర్చోమనలేదు నేను.

అడిగేశాను. సవరణ మీద డివిజన్ అడక్కుండా కూర్చున్నావే, నేను అక్కడ ఎంత చచ్చానో నీకు తెలుసా అని.

"అడిగితే మళ్ళీ నువ్వే పడగొట్టేదానివి" అన్నాడు.

"పడగొట్టేదాన్నే."

"అందుకే అడగలేదు." గోడకు ఆనుకుని, నేల వైపు చూస్తూ చెప్పాడు. "గెలిచే దారి లేదన్నారు మావాళ్ళు. గెలవక్కర్లేదు, సమానం దాకా లాక్కొస్తే చాలు, అక్కడి నుంచి మా అక్క చూసుకుంటుంది అన్నాను. ఆవిడ మాట మారిస్తే ఏం చేస్తావన్నారు. ఆవిడ మారే రకం కాదు, దెబ్బ తిన్నవాణ్ణి, నాకు తెలుసు అన్నాను."

ఇన్నాళ్ళూ ఏ మొండితనానికి నన్ను వెలివేశాడో, దాని మీదే నాన్న వార్తను పందెం కాశాడు. ఏడుపొచ్చింది. గుండీ అయినా సరిగ్గా పెట్టుకోలేవురా, అని తిట్టాను. వాడు చొక్కా చూసుకుని, ఇప్పుడు సరిగ్గానే ఉంది కదా అన్నాడు.

రేడియో పెట్టాను. ఎవరో చిన్నపిల్ల చదువుతోంది, కొత్త గొంతు. నీళ్ళ మీద ఉన్నవాళ్ళకీ, నీళ్ళ వైపు చూస్తున్నవాళ్ళకీ నమస్కారం అంది. తమ్ముడు చెప్పులు విప్పి, నా సోఫా ఉండగా, నేల మీద కూలబడి తల సోఫా అంచుకు ఆనించాడు. పార్లమెంటు సభ్యుడు, నెరిసిన జుట్టు. మబ్బుల సంగతి వచ్చేసరికి కళ్ళు మూతలు పడ్డాయి. ఎన్ని రోజులుగా నిద్రలేదో మరి. అలల ఎత్తు చెప్పింది ఆ పిల్ల. ఈ రాత్రి గాలి తీరం నుంచి సముద్రం మీదికి గట్టిగా వీస్తుందని, చిన్న పడవలు ఒడ్డునే ఉండాలని, నెమ్మదిగా, ఒక్క మాట కూడా తప్పిపోకుండా చెప్పింది. గది అంతా చల్లగా, నీళ్ళ అడుగున ఉన్నట్టుగా ఉంది.

"అక్కా" అన్నాడు వాడు, కళ్ళు తెరవకుండా. "గాలెటు?"

వార్త ఏం చెప్పిందో నేను స్పష్టంగా విన్నాను. నా చెవులు అబద్ధం చెప్పవు.

"ఇంటివైపే" అన్నాను. "పడుకో."